భారమును బట్టి వాహనము

ఇటీవల శామీర్‌పేటలో మా పొరుగింటి యువకుడొకడు నా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసెను. అతడు విశాఖపట్నమున రుషికొండ తీరమునకు పోయి, వీపున గాలి సిలిండరు ధరించి సముద్ర గర్భమున సంచరించు స్కూబా విద్య నేర్చుకొని వచ్చినాడు. ఇప్పుడు స్వంతముగా సామగ్రి సమకూర్చుకొనుచున్నాడు. "తాతగారూ, ఈ సామాను వేసికొని సముద్రము దాకా పోవుటకు ఏ బండి కొనుమందురు?" అని అతని ప్రశ్న. నేను సముద్రమున మునిగినవాడను కాను, మోటార్ల మర్మము తెలిసినవాడను కాను. చరిత్ర చదువుకొన్నవాడను. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఏలయన మా ఊరి బాటల చరిత్ర అంతయు ఈ ప్రశ్నకు సమాధానములు వెదకిన చరిత్రయే.

మేడ్చల్, శామీర్‌పేట హైదరాబాదు నగరమునకు ఉత్తరపు వాకిళ్ళు. మేడ్చల్ నాగపూరు బాట మీద ఉన్నది. శామీర్‌పేట కరీంనగరు బాట మీద ఉన్నది. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల వలయ రహదారి ఈ రెండు బాటలను నేడు కలుపుచున్నది. ఏదో ఒక ఉదయమున ఆ బాట ప్రక్కన ఒక గంటసేపు నిలిచి చూడుడు. కోళ్ళను తరలించు వ్యానుకు గోడలుండవు. గాలి ఆడుటకై అంతయు జాలి గూళ్ళే. పాలవాని మోటారు సైకిలుకు ఇరుప్రక్కల క్యానులు సమముగా వ్రేలాడుచుండును. ఇనుప కడ్డీలు పోవు బండి పొడవు. ద్రాక్ష పెట్టెలు పోవు బండికి టార్పాలిను కప్పు. వీధి మలుపున ట్రాలీ ఆటో, పెద్ద బాట మీద డీసీఎము. 1980ల దశకమున వచ్చిన ఒక కంపెనీ లారీకి గల పేరు అది. ఆ కంపెనీ పేరు మారిపోయినను మధ్యతరహా లారీ ఏదైనను మా వారికి నేటికిని డీసీఎమే. ఇన్ని రూపములెందుకు? ఏ కాలమునందైనను భారమే తనకు తగిన వాహనమును ఎన్నుకొనినది గనుక.

మొట్టమొదటి వాహనము మనుష్యుని భుజము. దానికి కావడి తోడైనది. కావడి మోయువానికి బరువు కంటె సమతూకము ముఖ్యము. ఒక ప్రక్క తగ్గినచో రెండవ ప్రక్క వానిని పడవేయును. అదే సూత్రముతో ఎద్దు వీపున ఇరుప్రక్కల వ్రేలాడు జోడు సంచియే పెరిక. మధ్యయుగపు తెలుగు శాసనములలో పెరిక అను మాట సరుకు లెక్కగా కనిపించును. దక్కనునందు ఈ పెరిక ఎద్దుల రవాణాకు ప్రసిద్ధులైనవారు లంబాడీలు. సముద్రతీరపు ఉప్పును లోనాడులకు, లోనాడుల ధాన్యమును సైన్యములకు, సంతలకు చేర్చినవారు వారే. 17వ శతాబ్దిలో గోలకొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, పదివేలు, పండ్రెండువేలు ఎద్దులు ఒక్క వరుసగా నడచుచుండగా చూచితినని వ్రాసినాడు. ధాన్యము, బియ్యము, పప్పులు, ఉప్పు అను నాలుగు సరుకులకు నాలుగు తెగలవారుండిరనియు, ఒక తెగవారు మరొక తెగవారి సరుకు మోయరనియు ఆయన చెప్పినాడు. ఉప్పు మోయు సంచిలో బియ్యము పోసినచో ఏమగునో మన ఇంటి ఆడువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

చక్రము తెలియక వారు ఎద్దు వీపునే నమ్ముకొనిరి అనుకొనరాదు. చక్రమునకు బాట కావలయును. టావెర్నియే మచిలీబందరు, గోలకొండల నడుమ బాటను గూర్చి చెప్పిన మాట ఇచట గుర్తింపదగినది. కొండలు, ఏరులు, చెరువులు అడ్డు తగులుటచే ఆ దారిన చక్రపు బండి నడచుట బహు కష్టమట. ఆయన ఒక చిన్న బండిని తీసికొనిపోయి, చెడ్డచోట్ల దానిని విడగొట్టి, భాగములుగా దాటించి, మరల కూర్చుకొనవలసి వచ్చినదట. తెలంగాణము చెరువుల దేశము. ఊరికొక గట్టు, గట్టు క్రింద బురద మడి. ఆ నేలపై ఎద్దు గిట్ట నిలుచును, చక్రము దిగబడును. కాబట్టి ఆనాటి పెరిక వెనుకబాటుతనము గాదు, నేల నెరిగిన తెలివి.

బాటలు బాగుపడిన కొలది రెండెడ్ల బండి ముందుకు వచ్చినది. 1900 ప్రాంతమున సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు గోదావరి లోయ మీటరు గేజి రైలు మార్గము పడగా మేడ్చల్ రైలు స్టేషనైనది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. దాని పరంపరలోనిదే 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ. ఆ బస్సుల లోపల మనుష్యులు, కప్పు మీద సామాను. కూరగాయల గంపలు, బియ్యపు మూటలు, సైకిళ్ళు, పెండ్లివారి ట్రంకు పెట్టెలు, అన్నియు నిచ్చెన మీదుగా కప్పుకెక్కినవే. "సామాను పైన వేయుట" అను అలవాటు మనకు అచ్చటనే నాటుకొన్నది. మా యువకుడు మొదట తలచినదియు కారు కప్పు మీద కమ్ములు బిగించి సిలిండర్లను పైన కట్టవచ్చునని. ఆ ఆలోచన ఎందుకు తగదో తెలియవలెనన్న, నీట మునుగువాని భారము ఎట్టిదో ముందు తెలియవలయును.

ఆ భారమునకును ఒక చరిత్ర కలదు. మన్నారు అఖాతమున ముత్యపు చిప్పలకై మునిగినవారికి సామగ్రి అనదగినది చాల స్వల్పము. కాలికి ఒక రాయి, నడుమునకు ఒక త్రాడు, చిప్పలు వేసికొనుటకు ఒక వలసంచి. గాలి వారి ఊపిరితిత్తులలో ఎంత పట్టునో అంతే. మన చెరువులలో ఎవరైన మునిగిపోయినపుడు పిలువబడు గజ ఈతగాండ్రు నేటికిని ఇంచుమించు అదే విధముగా, ఊపిరి బిగబట్టి, బురదనీటిలో చేతులతో తడవి వెదకుదురు. అట్టివారిని తరలించుటకు సైకిలైనను చాలును.

1830ల దశకమున లండనులో స్థిరపడిన జర్మను ఇంజనీరు ఆగస్టస్ సీబె రాగి శిరస్త్రాణముతో కూడిన మునక దుస్తును తయారుచేసినాడు. ఆ దుస్తు, సీసపు దిమ్మెలు, బరువు బూట్లు కలిపి ఒక మనుష్యుని బరువంత యుండెడిది. ఆపైన ఒడ్డుననో పడవ మీదనో గాలి పంపు, దానిని తిప్పు మనుష్యులు, గాలి గొట్టము, జీవత్రాడు పట్టుకొను సహాయకుడు. నీటిలో మునుగునది ఒకడైనను కదలవలసినది ఒక చిన్న కర్మాగారము. ఓడరేవులకు, సైన్యములకు తప్ప ఒక గృహస్థునకు ఆ విద్య అందుబాటులో లేదు. ఆ కాలమున "ఏ బండి కొనవలెను?" అని ఎవడును అడిగియుండడు. దానికి బండి చాలదు, పడవయే కావలయును.

ఈ కథను మలుపు త్రిప్పినది మోటారు బండియే అన్న ఆశ్చర్యము కలుగును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనుల ఆక్రమణలో నున్న ఫ్రాన్సులో పెట్రోలునకు కరవు వచ్చెను. కార్లను గ్యాసుతో నడపవలసి వచ్చెను. ఇంజను ఎంత పీల్చునో అంతే గ్యాసును వదలు ఒక కవాటమును పారిసులో ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరు రూపొందించినాడు. నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో ఆయనను కలిసి, ఇంజను పీల్పునకు బదులు మనుష్యుని పీల్పునకు ఆ కవాటము పలుకునట్లు చేయగలమా అని అడిగెను. ఆ విధముగా 1943లో ఆక్వాలంగు పుట్టెను. పీల్చినపుడు మాత్రమే, నీటి లోతునకు తగిన ఒత్తిడితో, సిలిండరులోని గాలి నోటికి అందును. ఒడ్డున పంపు లేదు, గొట్టము లేదు, త్రిప్పువారు లేరు. ఒక కర్మాగారపు భారము ఒక మనుష్యుని వీపునకు తగ్గెను. కారు కొరకు పుట్టిన కవాటము మునుగువానికి ప్రాణమై, ఎనిమిది దశాబ్దముల పిమ్మట ఆ సామానును మరల కారులోనికే తెచ్చినది. శామీర్‌పేట యువకుని ప్రశ్న 1943కు పూర్వము పుట్టదగినది కాదు.

ఇప్పుడు ఆ భారమును తూచి చూతము. సాధారణముగా వాడు అల్యూమినియము సిలిండరు ఖాళీగా నున్నపుడు సుమారు 14 కిలోలు. దానిలో నింపిన గాలి రెండున్నర కిలోలకు అటునిటు. ఇద్దరు స్నేహితులు చెరి రెండు సిలిండర్లు, సీసపు దిమ్మెలు, రబ్బరు దుస్తులు, చొక్కావలె తొడుగు గాలితిత్తులు, రెగ్యులేటర్లు, కాలి రెక్కలు, త్రాళ్ళు, త్రాగునీరు వేసికొన్నను మొత్తము రెండు పెద్ద వడ్లబస్తాల బరువునకు మించదు. బరువు మాత్రమే చూచినచో ఏ చిన్న కారైనను మోయును. చిక్కు బరువులో లేదు, స్వభావములో ఉన్నది.

ఆ సిలిండరులోని గాలి వాతావరణపు ఒత్తిడికి ఇంచుమించు 200 రెట్లు బిగించి యుండును. మన కారు టైరులోని గాలితో పోల్చిన సుమారు నూరు రెట్లు. ముప్పది డిగ్రీల వేడిమిలో నింపిన సిలిండరు అరువది డిగ్రీలకు కాగినచో ఒత్తిడి పదింట ఒక వంతు పెరుగును. మన వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడిమి పుట్టుట అరుదు కాదు. కప్పు మీద నేరుగా ఎండ తగులునపుడు ఇనుము చేయి పెట్టరానంత కాగును. అంతకంటె పెద్ద అపాయము సిలిండరు దొర్లిపడి దాని మెడ కవాటము విరుగుట. అప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా వెలువడి ఆ లోహపు గొట్టము ఫిరంగి గుండువలె దూసుకొనిపోగలదు. కావున నిలువుగా నిలుపక పరుండబెట్టి, దొర్లకుండ మోకులతో గాని చెక్క ఆపులతో గాని బిగించి, కవాటము మనుష్యుల వైపు లేకుండ చూడవలయును. తిరుగు ప్రయాణమున మరొక శత్రువు వచ్చి చేరును. అది ఉప్పునీరు. తడిసిన దుస్తులనుండి కారిన ఉప్పునీరు కారు నేలరేకును మెల్లమెల్లగ తినివేయును. ఉప్పు సంచిని వేరుగ నుంచిన పెరికవారి నియమమును ఇచట మరల తలచుకొనవలయును.

భారపు స్వభావమును ఒకచోట గ్రహించి మరొకచోట గ్రహింపకున్న ఏమగునో మా బాటల చివరనే ఒక నిదర్శనము కలదు. మేడ్చల్ బాటయు శామీర్‌పేట బాటయు సికింద్రాబాదు చేరి, అచటినుండి హుస్సేన్ సాగరపు గట్టునకు దారితీయును. ఆ సాగరము నడుమ జిబ్రాల్టరు రాయి మీద నిలిచిన బుద్ధ విగ్రహమును మీరందరు చూచియుందురు. భువనగిరి సమీపమున రాయగిరి వద్ద ఏకశిలలో, గణపతి స్థపతి ఆధ్వర్యమున మలచబడిన ఆ మూర్తి సుమారు 58 అడుగుల ఎత్తు, మూడువందల టన్నులకు పైబడిన బరువు. దానిని నగరమునకు తెచ్చుటకు 192 చక్రముల వాహనమును ప్రత్యేకముగా సిద్ధము చేసిరి. 1988లో అది మెల్లగ నడచుచు విగ్రహమును క్షేమముగా సాగరపు టొడ్డునకు చేర్చెను. ఇన్ని చక్రములు ఎందుకు? నేలలో ఏ ఒక్కచోటను అధిక భారము పడకుండుటకు. ఎద్దు గిట్టను, బండి చక్రమును ఎన్నుకొన్న పాత తెలివియే అది.

మిగిలినది ఒడ్డునుండి రాతి వరకు స్వల్పమైన నీటి దూరము. 1990 మార్చి 10న బార్జి మీద ఆ విగ్రహమును తరలించుచుండగా బార్జి ఒరిగెను. విగ్రహము నీటిపాలయ్యెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. రెండు సంవత్సరములకు పైగా బుద్ధుడు సాగర గర్భమున శయనించెను. 1992 డిసెంబరు 1న విగ్రహమును పైకి తీసి పీఠము మీద నిలిపిరి. నేల మీద పదుల కిలోమీటర్లు క్షేమముగా గడచిన భారమునకు నీటి మీద కొద్దిపాటి దూరము గడువలేదు. నేల మీద చక్రము క్రుంగును, ఆగును. మనుష్యునకు ఆలోచించుకొను వ్యవధి ఉండును. నీటి మీద ఒరిగిన వాహనము ఆ వ్యవధి ఇయ్యదు.

నీట మునుగువారి సామగ్రి కేవలము వినోదమునకే అనుకొనువారు గోదావరిని గుర్తు చేసికొనవలయును. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగెను. అందు వరంగల్లు, హైదరాబాదు ప్రాంతపువారును ఉండిరి. సుడులు తిరుగు వరద నీటిలో, బహు లోతున చిక్కుకొన్న ఆ పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందమువారు ఇనుప మోకులు, లంగరులతో ప్రయత్నించి, విశాఖపట్నపు డైవర్ల తోడ్పాటుతో అక్టోబరు 22న వెలికి తీసిరి. తమవారి కడసారి చూపునకై ఒడ్డున కాచుకొన్న కుటుంబములకు ఆ మోకుల బరువు, ఆ సిలిండర్ల విలువ తెలియును. ఆ సామగ్రి యంతయు సముద్రతీరమునుండి రోడ్డు బండ్ల మీదనే నదికి చేరవలసినది. కాబట్టి సామానును చెడకుండ, వేళకు చేర్చు బండిని గూర్చిన ఆలోచన చిన్న సంగతి కాదు.

ఇక మా యువకుని ప్రశ్నకు వత్తును. శామీర్‌పేట నుండి విశాఖ తీరము ఆరువందల కిలోమీటర్లకు పైమాట. అతని మనసు ఎత్తైన పెద్ద చక్రముల జీపు వంటి బండి మీద ఉండెను. చరిత్ర చెప్పు సలహా వేరు. బండి నేల ఎత్తుగ నున్న కొలది పదునారు కిలోల సిలిండరును అలసిన చేతులతో పైకెత్తుట కష్టము. సముద్రమునుండి వచ్చిన నడుము దానికి ఒప్పదు. తక్కువ ఎత్తు గల చదునైన నేల, వెనుకకు వెడల్పుగ తెరచుకొను తలుపు, సామానునకును కూర్చుండువారికిని నడుమ గట్టి అడ్డు, నేలకు మోకులు బిగించుకొను కొక్కెములు, ఎండ తగులని కప్పు, గాలి ఆడు కిటికీలు, తడి బట్టలకు మూత గల ప్లాస్టికు తొట్టి. ఇవి ఉన్న పాత వ్యానైనను మేలు. లేని క్రొత్త జీపైనను వ్యర్థము. సామాను పదిమందిది అయినచో కప్పు గల ట్రాలీయో డీసీఎమో మాటలాడుకొని, మనుష్యులు వేరు బండిలో పోవుట ఉత్తమము. పూర్వపు లంబాడీలును బిడారు సాగునపుడు ధాన్యపు ఎద్దును, బిడ్డలను మోయు ఎద్దును వేరుగనే నడపి యుందురని నా ఊహ.

అన్నింటికంటె ముఖ్యమైన భారము ఒకటి కలదు. అది బండిలో కనబడదు. లోతున ఒత్తిడి గల గాలి పీల్చినవాని రక్తమున, కండలలో నత్రజని కరగియుండును. అది మెల్లగ వెలువడవలయును. తొందరపడి ఎత్తైన ప్రదేశమునకు పోయినచో, మూత తీసిన సోడాలో వలె బుడగలు పొంగి కీళ్ళను, నరములను బాధించును; ప్రాణము మీదికిని తెచ్చును. అందుచేతనే ఒక్కసారి మునిగినవారు 12 గంటలైనను, పలుమారులు మునిగినవారు 18 గంటలైనను ఆగక విమానమెక్కరాదని నిపుణులు నియమము చేసిరి. విశాఖ పోయిన మనవారికి మరునాడు అరకు చూడవలెనను కోరిక సహజము. ఉదయము సముద్రమున మునిగి, మధ్యాహ్నమే అనంతగిరి ఘాట్ ఎక్కి వేయి మీటర్ల దాపునకు పోవుట ఈ కారణముచేతనే కూడదు. మన హైదరాబాదును సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైననే ఉన్నది. వేగముగా పోవు బండి ఇచట గుణము కాదు. రాత్రి ఆగి, తెల్లవారి బయలుదేరు యజమానియే ఆ బండికి ఉండదగిన గుణము.

ఈ మాటలన్నియు విని ఆ యువకుడు కాగితము మీద కొలతలు వ్రాసికొని పోయెను. తరువాతి వారము తక్కువ ఎత్తు గల పాత వ్యానొకటి బేరము చేసి వచ్చినాడు. సిలిండర్లు దొర్లకుండ వడ్రంగిచేత నాలుగు చెక్క తొట్లు చేయించినాడు. అతని తల్లి మాత్రము బండిని చూడక నన్ను అడిగినది ఒక్కటే: "మీరు చెప్పినట్లయితే వాడు ఒక దినము ఆలస్యముగ వచ్చునన్నమాట కదా?" అవునంటిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అట్లే రానిండు, బాబుగారూ, ఆ దినము నేను ఎదురుచూడను" అనెను. బండి ధరలో ఆ ఒక దినమును గూడ కలుపుకొన్న ఇల్లు అది. ఇంతకంటె మంచి వాహనమును నేను సూచింపలేను.